కోయని పేజీలు

మా చిన్న తాత అన్సెల్మ్ కూద్రే రాసిన దీర్ఘకవిత పేరు "ఎదురు నది". దాన్ని పూజించేవాళ్ళు ఫ్రాన్సంతా ఉన్నారు. చదివినవాళ్ళు మాత్రం లేరు. ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు. ఆ కవిత అభిమానుల సంఘంలో చేరాలంటే మొదటి నియమమే అది: పుస్తకం కోయకూడదు.

అప్పట్లో మా దగ్గర పుస్తకాలు అంచులు కోయకుండానే అమ్మేవాళ్ళు. పెద్ద కాగితం మీద అచ్చేసి, మడతలు పెట్టి, వీపున కుట్టి చేతిలో పెట్టేవాళ్ళు. కొన్నవాడు చాకు పక్కన పెట్టుకుని మడతలు కోసుకుంటూ చదువుకోవాలి. కోయకపోతే రెండు పేజీలు కనిపిస్తాయి, తరవాతి రెండు మడత లోపల ఉండిపోతాయి, మళ్ళీ రెండు కనిపిస్తాయి. తాత పుస్తకం అచ్చయిన కొత్తలో పారిస్‌లో ఒక విమర్శకుడికి ఒక ప్రతి వెళ్ళింది. ఆయనకి చాకు దొరకలేదో, భోజనానికి వేళయిందో, కనిపించిన పేజీలు మాత్రం చదివి పత్రికలో పెద్ద వ్యాసం రాసేశాడు. ఒక ఆలోచన మీంచి ఇంకో ఆలోచన మీదికి ఇంత నిర్భయంగా దూకిన కవి ఈ శతాబ్దంలో లేడన్నాడు. ఆ దూకుడుకి "కూద్రే గెంతు" అని పేరు కూడా పెట్టాడు. వారం తిరక్కుండా ఒక విలేఖరి మా నెవేర్ ఊరికి దిగి, "అయితే పేజీలు కోయకూడదా?" అని అడిగాడు. తాతకి అప్పటికి ముప్పై నిండలేదు. తల దువ్వుకుని ఫొటోకి నిలబడి, "కోయకూడదు. మూసిన పేజీలు ఆ కవిత పాటించే మౌనం" అన్నాడు.

ఆ ఒక్క మాట అన్న పాపానికి తరవాత నలభై ఏళ్ళు ప్రయోగకవిగా బతకాల్సి వచ్చింది. ఒక కాలికి బూటు, ఇంకో కాలికి చెప్పు వేసుకుని తిరిగాడు. ఒట్టి కామాలతో ఒక సంపుటి వేశాడు. నత్తలకి కవిత వినిపిస్తానని ప్రకటిస్తే తోటలో సభ పెట్టారు. సభ పొద్దున్నే అయిపోయింది గానీ వినడానికి నత్తలు సాయంత్రం దాకా వస్తూనే ఉన్నాయి. ఇంకోసారి మేకజున్ను మీద పద్యం చెక్కి అభిమానులకి పంచాడు. తొలి ముద్రణ అరగంటలో జీర్ణమైపోయింది.

నేను ఆ సంఘంలో చేరింది భోజనం కోసం. సంఘం అధ్యక్షుడు పెల్రన్ గారు పళ్ళ డాక్టరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం ఇంట్లోనే ఉన్నా, ఒక్కసారి కూడా దాన్ని పేజీ మడతలోకి దూర్చి చూడని నిష్ఠాపరుడు. ప్రొఫెసర్ గార్నో గారు ఆ కవితలో అన్నిటికంటే పేరున్న గెంతు మీద ఆరొందల పేజీల సిద్ధాంత గ్రంథం రాశారు. ఒకసారి తాత తుమ్మింది కూడా కవితేనని నేను పుకారు పుట్టిస్తే, ఆ తుమ్ములో విరామం ఎక్కడ పడిందో వివరిస్తూ వ్యాసం చదివారు.

ఆ పేరున్న గెంతు ఇది. కనిపించే పేజీలు ఇలా ముగుస్తాయి:

*నీళ్ళు మట్టిరంగు. పడవలో మేమిద్దరం.*
*గట్టు మీద అక్క.*
*ఓదీల్ తాడు వదిలేసింది.*

అక్కడ మడత. మళ్ళీ కనిపించే పేజీ ఇలా మొదలవుతుంది:

*నదికి అక్కలుండరు.*
*నాకు ఉంది.*

ఈ ఓదీల్ మా అమ్మమ్మ. నేను పెరిగింది ఆవిడ ఇంట్లోనే. పడవలో ఉన్నది ఆవిడ తమ్ముళ్ళు, అన్సెల్మ్, అందరికంటే చిన్నవాడు బాస్తియన్. వసంతంలో ల్వార్ నది పొంగినప్పుడు బాస్తియన్ మునిగిపోయాడు. ఊరంతా "తమ్ముణ్ణి ముంచిన ఓదీల్" అంది. కవిత వచ్చాక ఊరు చాలక దేశం కూడా అంది. అమ్మమ్మకి వంతెన అవతల ఊలు, గుండీలు అమ్మే కొట్టుండేది. సాహిత్యాభిమానులు బస్సుల్లో వచ్చేవాళ్ళు. ఒక బెల్జియం జట్టు తమతో తాడు కూడా తెచ్చుకుని, "అమ్మా, ఒక్కసారి ఇది పట్టుకుని వదలండి, ఫొటో తీసుకుంటాం" అని బతిమాలింది. అమ్మమ్మ వాళ్ళకి తలో స్వెట్టరుకి సరిపడా ఊలు అంటగట్టి పంపించింది. ఆ రాత్రి అన్నం మాత్రం ముట్టుకోలేదు.

అక్కాతమ్ముళ్ళకి నలభై ఏళ్ళుగా మాటల్లేవు. నేను ఎప్పుడు కదిపినా అమ్మమ్మ, "పోయి కోళ్ళకి గింజలు వెయ్యి" అనేది. మాకు కోళ్ళు లేవు.

ఆ ఏడు మే నెలలో సంఘం వార్షిక భోజనం నది ఒడ్డున హోటల్లో జరిగింది. పద్ధతి ఏంటంటే, సభ్యులు ఒక్కొక్కరే లేచి, కోయని ప్రతిలోంచి కనిపించే పేజీలు చదవాలి. మూసిన పేజీల దగ్గరికొచ్చేసరికి అందరూ మౌనం పాటించాలి. ఆ మౌనంలో నమలకూడదు. దూడమాంసం తెల్లకూర ఏటా అలా కళ్ళముందే చల్లారిపోతుంది.

కూర అయ్యాక పెల్రన్ గారు గ్లాసు మీద చెంచాతో కొట్టి లేచారు.

"మిత్రులారా! మునిసిపాలిటీ ఒప్పుకుంది. వచ్చే నెల పాత రేవులో రాతిపలక పెడుతున్నాం. మేయరుగారే వస్తున్నారు!" అని పక్కన కుర్చీ మీదున్న గుడ్డ లాగారు. కింద నమూనా. రాతి మీద ఇత్తడి తాడు, పక్కనే అక్షరాలు: *ఇక్కడ ఓదీల్ తాడు వదిలేసింది.*

చప్పట్లకి పావురాలు లేచిపోయాయి. నేను తాతకేసి చూశాను. ఆయన చప్పట్లు కొట్టలేదు. వద్దనీ అనలేదు. రొట్టె ముక్క చించి, దాన్ని మళ్ళీ చించి, బల్ల మీద వరసగా పేరుస్తున్నాడు.

"మరి ఆవిణ్ణి అడిగారా?" అన్నాను నేను.

"ఎవర్ని?" అన్నారు పెల్రన్ గారు.

"ఓదీల్‌ని. రాయి మీద ఉన్నావిడ. బతికే ఉంది. పక్క సర్దలేదని పొద్దున్నే నన్ను తిట్టింది కూడా."

ప్రొఫెసర్ గార్నో గారు పసిపిల్లకి చెప్పినట్టు నవ్వారు. "పెరిన్ అమ్మాయీ, కవితలో ఓదీల్ వేరు, మీ అమ్మమ్మ వేరు. కవితలో ఉన్నది ఒక సంకేతం."

"మా సంకేతానికి మోకాళ్ళ నొప్పులండీ. ఆ రేవు మీంచే చర్చికి నడవాలి. ప్రతి ఆదివారం దాన్ని చదువుకుంటూ పోవాలా?"

"అదృష్టవంతురాలు!" అన్నారు పెల్రన్ గారు, మనస్ఫూర్తిగా.

సరిగ్గా అప్పుడే జున్ను పళ్ళెం వచ్చింది. పళ్ళెంతో పాటు చాకు కూడా వచ్చింది. అది నా తప్పు కాదు, హోటలు వాళ్ళ ఏర్పాటు. పెల్రన్ గారి ప్రతి నా చేతికందేంత దూరంలో ఉంది. తాడు వదిలేసిన పేజీ తీసి, మడతలోకి చాకు పెట్టి, సర్రున లాగాను.

పెల్రన్ గారు వేసిన కేకకి వంటాయన మంటలార్పే గొట్టం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కోశాధికారిణి సొమ్మసిల్లి నేరుగా మేకజున్ను మీదికి వాలింది. వెనకాల ఎవరో "పోలీసులు! పోలీసులు!" అంటున్నారు. నేను కుర్చీ ఎక్కి, నలభై ఏళ్ళుగా ఎండ తగలని ఆ పేజీలు పైకి చదవడం మొదలుపెట్టాను. నవ్వించే ముక్క ఏదో ఉంటుందనే అనుకున్నాను.

*తెడ్డు ఉందా అని అడిగింది. ఉందన్నాను.*
*సరిగ్గా చూసుకో, ఉందా అని మళ్ళీ అడిగింది.*
*ఉంది, వదులు, అని అరిచాను.*
*తెడ్డు లేదు. తెడ్డు ఇంట్లో తలుపు వెనక ఉంది.*
*నన్ను ఇసుకతిన్నె ఆపింది. బాస్తియన్‌ని ఏదీ ఆపలేదు.*
*ఎలా జరిగిందిరా అని నాన్న అడిగితే*
*అక్క తాడు వదిలేసిందని చెప్పాను.*
*అది అబద్ధం కాదు. అందుకే అందరూ నమ్మారు.*
*తప్పు చేసి ఇంకొకరి మీదికి తోసెయ్యడానికి*

మడత అక్కడ అయిపోయింది. దాని కిందే, నాకు చిన్నప్పట్నుంచీ వచ్చిన పంక్తులు: *నదికి అక్కలుండరు. నాకు ఉంది.*

ఈసారి ఎవరూ చెప్పకుండానే మౌనం వచ్చింది.

ముందుగా తేరుకున్నది ప్రొఫెసర్ గారు. "ఇదేంటిది? ఇది... అర్థమవుతోంది!"

"అదేగా నా బాధ!" అన్నారు పెల్రన్ గారు.

"కల్తీ. అచ్చాఫీసులో ఎవడో కలిపాడు. కూద్రే ఇలా వరసగా రాయడు. గెంతు ఏది ఇందులో?"

అందరూ తాతకేసి తిరిగారు. "గురువుగారూ, మీరే చెప్పండి. ఇది మీరు రాసిందేనా?"

తాత చేతిరుమాలుతో మీసం తుడుచుకున్నాడు. రొట్టె ముక్కలన్నీ ఒక్కచోటికి తోశాడు. "ఎప్పటి మాటో అది," అన్నాడు. "నాకు... గుర్తు లేదు."

హమ్మయ్య అని గదంతా ఊపిరి పీల్చుకుంది. గుర్తు లేదనడం కూడా ఒక గెంతేనని తీర్మానించుకుని జున్నుకి ఉపక్రమించారు. నన్ను సంఘంలోంచి తీసెయ్యాలన్న ప్రతిపాదన కాఫీ కంటే ముందే నెగ్గింది.

నేను బయటికొచ్చి నది పక్కన గబగబా నడుస్తుంటే వెనక బూటూ చెప్పూ కలిసి టకటక, చప్‌చప్ అని వినిపించాయి.

"పెరిన్! ఆగవే!"

"గుర్తు లేని మనుషులతో నేను మాట్లాడను. మీరెవరో నాకూ గుర్తు లేదు."

"తిట్టు. తిట్టు గానీ కాస్త నెమ్మదిగా నడిచి తిట్టు. గుండె దడదడలాడుతోంది." గోడ పట్టుకుని నిలబడ్డాడు. "నన్ను మీ అమ్మమ్మ దగ్గరికి తీసుకెళ్ళు."

"దారి తెలీదా? వంతెన దాటితే ఇల్లు."

"తెలుసు. నలభై ఏళ్ళుగా వంతెన సగం దాకా వెళ్ళి వెనక్కొస్తున్నా. జనం అది కూడా ప్రయోగమే అనుకుంటున్నారు."

నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

"ఆ పేజీలు అక్క కోసమే రాశానే," అన్నాడు. "మొదటి ప్రతి అక్కకే పంపాను. ఆవిడ చదివితే చాలనుకున్నా. తరవాత ఆ పారిస్ వాడు, ఆ ఫొటో... అక్క కూడా కోసుకోలేదేమో. చదివి ఉంటే ఒక్క మాటైనా అనేది కదా?"

మేం వెళ్ళేసరికి అమ్మమ్మ వంటింట్లో పచ్చిబఠాణీలు వొలుస్తోంది. తలెత్తకుండానే, "ఎవరే అది?" అంది.

"నీ తమ్ముడు."

"ఏ తమ్ముడు? ఒకడు నీళ్ళలో పోయాడు. ఇంకోడు పేపర్లో పోయాడు."

తాత గుమ్మంలోనే ఆగిపోయాడు. "అక్కా," అన్నాడు.

"కాళ్ళు తుడుచుకో."

తుడుచుకున్నాడు. కూర్చోమని ఆవిడ అనలేదు, ఈయన కూర్చోలేదు. "అక్కా, వచ్చే నెల రేవులో రాయి పెడుతున్నారు. దాని మీద..."

"తెలుసు. మునిసిపాలిటీ గుమస్తా నా దగ్గరే గుండీలు కొంటాడు."

"నా పుస్తకంలో నువ్వు చూడని పేజీలు కొన్ని ఉన్నాయి. అందులో నేను..."

"తెడ్డు ఇంట్లో తలుపు వెనక ఉంది," అంది అమ్మమ్మ, కాయ చీలుస్తూ. "నన్ను ఇసుకతిన్నె ఆపింది. బాస్తియన్‌ని ఏదీ ఆపలేదు. ఇవేనా?"

"నువ్వు చదివావా?" అన్నాడు తాత.

"పుస్తకం వచ్చిన రోజే కొట్టు మూసేసి, రొట్టె కోసే కత్తితో కోసుకుని చదివానురా. బాగా రాశావు. ఏడ్చాను కూడా. ఇక నువ్వొస్తావు, ఊళ్ళో నలుగురికీ చెబుతావు అనుకుని ఆపిల్ టార్ట్ చేసిపెట్టాను. ఆ వారమే పేపర్లో నీ బొమ్మ పడింది. కోయకూడదు అన్నావు."

"అప్పుడు నేను కుర్రాణ్ణి. పారిస్ నుంచి ఒకడు..."

"మెచ్చుకున్నాడు. వెక్కిరించిన ఊరంతా టోపీ తీసింది. తెలుసులే. ఆ టార్ట్ మూడు రోజులు చూసి పక్కింటి కుక్కకి పెట్టాను."

ఇక నేనుండబట్టలేకపోయాను. "మరి నువ్వే నీ ప్రతి పట్టుకెళ్ళి ఊళ్ళో అందరికీ చూపించొచ్చు కదా అమ్మమ్మా!"

"నేను చూపిస్తే సంజాయిషీ అవుతుందే. వాడు చెబితేనే నిజమవుతుంది." గింజలు గిన్నెలోకి ఒంపింది. "మా అమ్మ పోయేముందు కూడా నన్ను అదే అడిగింది, ఎందుకు వదిలావే అని. వీడు మంచం అవతల నిలబడి ఉన్నాడు. నిజం నా పక్కన ఉంటే చాలనుకున్నా. చాల్లేదు."

తాత గుమ్మం చెక్క పట్టుకున్నాడు. "ఇప్పుడు ఏం చెయ్యమంటావు అక్కా?"

"శనివారం సంతలో చదువు. మూసిన పేజీలు. గెంతులొద్దు, నత్తలొద్దు. మనిషిలా నిలబడి చదువు."

అంతే. మళ్ళీ బఠాణీల్లోకి తల దించేసింది.

శనివారం తాత వచ్చాడు. రెండు కాళ్ళకీ ఒకే జత బూట్లు వేసుకుని, తల దువ్వుకుని, మామూలు కోటు తొడుక్కుని వచ్చాడు. చూసి ఊరు హడలిపోయింది. కూద్రే గారు కొత్త ప్రయోగం మొదలెట్టారని రెండు నిమిషాల్లో కబురు పాకింది. పెల్రన్ గారు పరుగున వచ్చారు. ప్రొఫెసర్ గారు స్టేషన్ నుంచి టాక్సీలో వచ్చారు. చేపల బల్ల పక్కన పండుగకైనా చేరనంత మంది చేరారు. అమ్మమ్మ ఎదురుగా ఉల్లికాడల బండి దగ్గర సంచీ పట్టుకుని నిలబడింది.

తాత కాగితం తీశాడు. *తెడ్డు ఉందా అని అడిగింది* దగ్గర మొదలుపెట్టి చివరిదాకా చదివాడు. ఎక్కడా గెంతలేదు.

సంత దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు.

"ఆహా! సామాన్యుడి గొంతు! ఎంత సహజంగా నటించారో చూశారా!" అని పెల్రన్ గారు కళ్ళు తుడుచుకున్నారు.

"ఇది నటన కాదు!" అని అరిచాడు తాత. "ఇది నిజంగా జరిగింది! తెడ్డు లేదు, నేనే ఉందన్నాను. ఆవిడ తప్పు లేదు, తప్పు నాది!"

చప్పట్లు రెట్టింపయ్యాయి. ప్రొఫెసర్ గారు మోకాలి మీద కాగితం పెట్టుకుని ఆదరాబాదరా రాసుకుంటున్నారు. "తన కవితనే తను ఖండించుకోవడం! ఇంతకంటే పెద్ద గెంతు లేదు!"

తాత ఇంకా ఏదో చెప్పబోయాడు. ఒక అమ్మాయి సంతకం కోసం కాగితం సంచీ ముందుకి చాపింది. ఆయన దాన్ని చూసి, జనం నెత్తుల మీంచి అమ్మమ్మకేసి చూశాడు. చెట్టెక్కి దిగలేక చూసే పిల్లాడిలా చూశాడు. నలభై ఏళ్ళు కష్టపడి ఊరికి ఒక్కటే నేర్పాడు: ఈయన ఏం చెప్పినా నమ్మక్కర్లేదు, మెచ్చుకుంటే చాలు. ఊరు ఆ పాఠాన్ని పొల్లుపోకుండా అప్పజెబుతోంది.

జనం పల్చబడ్డాక అమ్మమ్మ దగ్గరికొచ్చింది.

"విన్నావా అక్కా?"

"నేను ఎప్పుడో చదివాను కదరా. వినాల్సినవాళ్ళు చప్పట్లు కొట్టారు." ఉల్లికాడలు సంచీలో సర్దుకుంది. "వచ్చే శనివారం మళ్ళీ రా. చప్పట్లు ఆగేదాకా చదువు."

జూన్‌లో రాతిపలక వచ్చింది. వద్దని తాత మునిసిపాలిటీకి స్వయంగా వెళ్ళి చెప్పాడు. గొప్ప కవులు ఎప్పుడూ గౌరవాలు కాదంటారని వాళ్ళు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి పంపించారు. ఆవిష్కరణకి ఆయన వెళ్ళలేదు. కుర్చీ ఖాళీగా ఉండడం కూడా కార్యక్రమంలో భాగమేనని మేయరుగారు దానికే దండ వేశారు.

శనివారం శనివారం సంతకి మాత్రం వెళ్ళాడు. జులైలో టీవీ వాళ్ళొచ్చారు. ఆగస్టులో ఊరంతా సెలవులకి సముద్రానికి పోయింది. సెప్టెంబరులో వానలు పట్టాయి. ప్రతివారం అవే పంక్తులు, అదే కోటు, అదే గొంతు. ప్రయోగం అయితే వారానికొకసారైనా మారాలి కదా అని అభిమానులు విసుక్కున్నారు. కవిగారు మామూలుగా అయిపోయారని ప్రొఫెసర్ గారు బాధపడ్డారు. అక్టోబరుకి పెల్రన్ గారు కూడా రావడం మానేశారు. చేపలావిడ ఒక్కత్తే, "తాతగారూ, కాస్త ఇటు జరగండి, గిరాకీకి అడ్డం" అనేది. ఆయన జరిగి చదివేవాడు.

అమ్మమ్మ ప్రతిసారీ వెళ్ళేది. ఎదురుగా నిలబడి చివరిదాకా విని, మాట్లాడకుండా వచ్చేసేది. ఒక శనివారం ఆయన దగ్గుతుంటే జేబులోంచి పుదీనా బిళ్ళ తీసింది. ఆయన చేతికివ్వలేదు. చేపల బల్ల అంచు మీద పెట్టి వచ్చేసింది. ఆయన దాన్ని తిన్లేదు. కాగితంతో సహా కోటు లోపలి జేబులో దాచుకున్నాడు.

"ఇంటికి రమ్మనొచ్చు కదా," అన్నాను ఆ రోజు దారిలో.

"రమ్మంటానే. ఇంకా ఒకళ్ళో ఇద్దరో కొడుతున్నారు చప్పట్లు. అవి కూడా ఆగనీ."

"ఆయనకి గుండె బాలేదు అమ్మమ్మా."

"నాకూ తెలుసు," అంది. నాలుగడుగులు వేసి, "ఇన్నాళ్ళు ఆగినదాన్ని," అంది. ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు.

నవంబరులో ఒక శనివారం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వర్షం చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తాత కాగితం మడిచి అమ్మమ్మకేసి చూశాడు. ఆవిడ తలూపింది. ఆ పై వారం ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలవమని ఇంటికొచ్చాక నాతో చెప్పింది. మర్నాడే ఎందుకు పిలవకూడదని నేనడిగితే, మంచి మాంసం బుధవారం గానీ రాదంది. నేను వెళ్ళి చెప్పాను. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు, ఎన్నింటికి రావాలో కూడా అడిగాడు. గురువారం పొద్దున, ఆయన ఉంటున్న మేడ కింద కాఫీ హోటలు వాళ్ళు ఎంతసేపు పిలిచినా ఆయన దిగి రాలేదు.

అంత్యక్రియలకి సంఘం మళ్ళీ నిండుగా వచ్చింది. శవపేటిక మీద చెయ్యి వేసి పెల్రన్ గారు, "ఇది ఆయన మూసిన చివరి పేజీ," అన్నారు. అమ్మమ్మ లేచి బయటికెళ్ళిపోయింది. నేను వెళ్ళి చూస్తే చర్చి మెట్ల మీద గొడుగు విప్పకుండా వానలో నిలబడి ఉంది. "మాంసం కొనేశానే," అంది.

ఆ తరవాతి శనివారం వద్దన్నా వినకుండా సంతకి బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను. చేపల బల్ల పక్కన చోటు ఖాళీగా ఉంది. అమ్మమ్మ ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది. చేపలావిడ అటూ ఇటూ చూసి, చేతులు తుడుచుకుని పిలిచింది.

"ఆయన లేకపోతే బోసిగా ఉందండీ. వారం వారం వినీ వినీ నాకు నోటికొచ్చేసింది." మంచు మీద ఒక చేపని సరిచేసింది. "ఊళ్ళో వాళ్ళు ఇంకోలా చెబుతారు గానీ... మీరు అడిగారన్నమాట, తెడ్డుందా అని."

అమ్మమ్మ సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. అవతల పాత రేవులో ఇత్తడి తాడు తడిసి మెరుస్తూనే ఉంది.

"అడిగాను," అంది. "రెండుసార్లు అడిగాను."

చేపలావిడ తలూపింది. వెనకాల వరసలో ఉన్నాయన, "కానివ్వండమ్మా, చలికి చస్తున్నాం," అన్నాడు. అమ్మమ్మ పక్కకి జరిగి ఆయనకి దారిచ్చింది.